అమ్మ దగ్గరికి నలభై అడుగులు

పక్షవాతం వచ్చినవాళ్ల చేత చెయ్యెత్తించే వీఆర్ ఆటలు తయారుచేయడం నా ఉద్యోగం. వ్యాయామం చెయ్యమంటే మొరాయించేవాళ్లు కూడా ఆట అనగానే ఎగబడతారు. స్టార్లిచ్చి బుజ్జగించడం కన్నా, ఇచ్చింది లాక్కుంటే ఇంకా బాగా లొంగుతారు. ఆ కిటుకు నాకు కొట్టిన పిండి.

నాన్నకి కాళ్లూ, కుడిచెయ్యీ పడిపోయాయి. వ్యాయామం చేయించడానికొచ్చినాయన్ని నానా తిట్లూ తిట్టి తరిమేశాడు. అందుకని ఆయన కోసమే ఒక ఆట కట్టాను. హెడ్‌సెట్ పెట్టుకుంటే పొడవాటి గది. ఆ చివర, పోయిన ఏడు చనిపోయిన మా అమ్మ. రోజు వ్యాయామం పూర్తిచేస్తే ఒక అడుగు ముందుకొస్తుంది. మధ్యలో హెడ్‌సెట్ తీస్తే పది అడుగులు వెనక్కి పోతుంది. నలభై అడుగులకి నాన్న దగ్గరికి చేరుతుంది, దాంతో ఆట సరి.

"నీకసలు మనసుందిరా?" అంది అక్క.

"చెయ్యి లేస్తోందా లేదా చూడు," అన్నాను. లేస్తోంది మరి. నాన్న అన్నం కూడా మానేసి ఎత్తేవాడు.

నలభయ్యో రోజు మధ్యాహ్నం ఆట ముగిసే టైము దాటింది. నాన్న చెయ్యి దించలేదు. హాల్లో ఆసుపత్రి మందుల వాసన. అమ్మ చివరి రోజుల్లో వచ్చేది; మా ఇంట్లో ఆ వాసన వచ్చి ఏడాదైంది.

"నాన్నా, అయిపోయింది. తీసెయ్."

"ష్... మీ అమ్మ ఏదో చెబుతోందిరా..."

ఆటలో అమ్మకి నేను గొంతు పెట్టలేదు.

హెడ్‌సెట్ లాగేశాను. "పది అడుగులు పోగొట్టావు కదరా!" అని నాన్న చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. నాకు సిగ్గనిపించలేదు. ఆట ఇంతగా పట్టిందని లోపల పొంగిపోయాను.

తప్పెక్కడుందో చూద్దామని నేనే పెట్టుకున్నాను.

చీకటి గది. పది అడుగుల దూరంలో అమ్మ... గోడవైపు తిరిగి. నేను ఫొటోలు చూసి ముఖం ఒక్కటే గీశాను. వీపు గీయలేదు. కానీ ఉంది. ఊడిపోయిన జుట్టుముడి కూడా ఉంది.

చెవి పక్కనే అమ్మ గొంతు, గుసగుసగా.

"ఈసారి వెనక్కి నేను వెళ్లను... ఆయన్నే పంపాను."

హెడ్‌సెట్ విసిరికొట్టాను. ఎదురుగా నాన్న చక్రాల కుర్చీ ఖాళీ.

లేవలేని మా నాన్న హాలు చివర గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కుర్చీకి పది అడుగుల దూరంలో. కుడిచెయ్యి నిటారుగా పైకెత్తి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు.

పరుగెత్తాను. ఆయన్ని పట్టుకుని కిందికి దించబోయాను.

నా కుడిచెయ్యి లేవలేదు.