కోసేసిన ముక్క

ఉత్తరాదిన, ఉక్కు కార్ఖానా పక్క సాక్చి బజారులో రేడియో రిపేరు కొట్ల వెనక నాదొక చిన్న రికార్డింగు గది. గోడలకి పాత దూది రజాయిలు మేకులతో కొట్టి, ఉన్న ఒక్క కిటికీ మూసేశాను. అయినా కార్ఖానా సైరను లోపలికొచ్చేది. అందుకే షిఫ్టు సైరన్ల మధ్యనే పాటలు పట్టేవాణ్ణి. పాడేవాళ్ళ దగ్గూ తడబాటూ బ్లేడుతో కోసి టేపు అతికిస్తే, అతుకు ఎవరికీ తెలిసేది కాదు. భీమారావు చెయ్యి అంటే అదీ అనేవారు. ఆ పొగరే నా కొంప ముంచింది.

1983లో సూరమ్మ వచ్చింది. బొగ్గు యార్డులో కూలిపని చేసే మనిషి. ఛాతీ నిండా దగ్గే, గొంతు మాత్రం బంగారం. పాట చివర "పాడింది సూరమ్మ" అని చెప్పుకునేది.

"ఆ ముక్క కొయ్యకు బాబూ," అంది. "మాయమ్మా అలాగే సెప్పుకుంది. నాను పోయినా అదొక్కటీ ఉంటాది."

ఆవిడ పోయిన నెలకే కోసేశాను. మూరెడు టేపు. బిస్కట్ల డబ్బాలో పడేసి, కేసెట్టు మీద మా అమ్మాయి పద్మకుమారి పేరు వేశాను. పద్మ కూడా పాడుతుంది, కానీ ఆ గొంతు ముందు దిగదుడుపే. దానికి పేరు రావాలని నా ఆశ. వచ్చింది కూడా. నేనేం సిగ్గుపడలేదు.

రెండో కేసెట్టుకి పద్మనే మైకు ముందు కూర్చోబెట్టాను. మధ్యాహ్నం రెండు గంటల సైరను ఆగింది.

"పాపా, శురూ కరూఁ?" అంది అద్దం అవతల నుంచి, మొదలెట్టనా నాన్నా అని. ఇక్కడ పుట్టిన పిల్ల, హిందీయే ఎక్కువ.

తలూపాను. పెదాలు కదులుతున్నాయి. శబ్దం చూపే మీటరు ముల్లు కదల్లేదు. వైర్లు చూశాను, బాగానే ఉన్నాయి. రజాయిల్లోంచి తడిబొగ్గు వాసన... పద్మ భయపడి నోరు మూసింది. అప్పుడు లేచింది ముల్లు. హెడ్‌ఫోన్లో దగ్గు. నేను కోసి పారేసిన దగ్గులన్నీ... ఒకదాని వెనక ఒకటి...

తర్వాత గుసగుస.

"నా పేరు నువ్వు దాసినావు... నీ పిల్ల గొంతు నాను దాత్తాను."

తలుపు తోసుకుని వెళ్ళాను. పద్మ నన్ను చూసి నోరు తెరిచింది. మాట రాలేదు.

పేరు మళ్ళీ అతికించేద్దామని పరిగెత్తి డబ్బా తెరిచాను. ముక్క అక్కడే ఉంది. మెషీనుకి ఎక్కించాను. సూరమ్మ గొంతు కాదు, పద్మది.

"పాపా... దర్వాజా ఖోలో..."

తలుపు తియ్యమంటోంది. పద్మేమో నా పక్కనే నిలబడి ఉంది, పెదాలు బిగించుకుని.

మళ్ళీ వేశాను. "పాపా..." అంతే. తీసి చూస్తే మూరెడు ముక్క జానెడే మిగిలింది. నేను బ్లేడు ముట్టలేదు.

పద్మ నా చెయ్యి పట్టుకుని, ఇంకోసారి వెయ్యమని సైగ చేస్తోంది.