ముఖం మీద ముద్ర

"ఇది మా ఇంటి గోడ!"

లైబ్రరీ హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. లిఫ్ట్ మెకానిక్ బిత్తరపోయాడు. పోస్ట్‌కార్డులు మార్చుకోవడానికి ప్రతి ఆదివారం వస్తాడు. ఇంతవరకూ అతని మీద ఎవరూ అరవలేదు.

అరిచింది మందుల షాపు అమ్మాయి. ఆమె దాచేవి ప్రపంచ వారసత్వ కట్టడాల కార్డులు. కోటలు, గుహలు. అతనివి వీధి గోడల బొమ్మలు. ఆమె వేలు అతని చేతిలోని ఒక కార్డు మీద ఉంది.

"గోడ బొమ్మలంటే పిచ్చి గీతలన్నారుగా పోయినవారం?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. ఆ ఒక్కటీ ఇచ్చేయండి."

కార్డులో గోడంత బొమ్మ. ఒకావిడ తడి బట్ట దులుపుతూ నవ్వుతోంది.

"మా అమ్మ. ఎవరో బొమ్మలాయన అడిగి వేశాడు. అమ్మ చనిపోయిన వారానికే నాన్న దాని మీద సున్నం కొట్టేశాడు. చూడలేనన్నాడు. నవ్వే అమ్మ ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు."

అతను నోరు తెరుచుకుని కార్డునే చూశాడు.

"నోరు మూసుకోండి. ఈగలు దూరతాయి," అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఆ కార్డు మళ్లీ దొరికేది కాదు. అక్కడే చేతిలో పెట్టేస్తే సరిపోయేది. కానీ ఇద్దరికీ ఒకటే పిచ్చి. తపాలా ముద్ర పడని కార్డుకు ప్రాణం లేదంటారు వీళ్లు. స్టాంపు బొమ్మ వైపే అంటిస్తే ముద్ర కూడా బొమ్మ మీదే పడుతుంది. అది ఇంకా గొప్పట.

"అడ్రసు చెప్పండి. ముద్రతో పంపిస్తాను."

"బొమ్మ వైపే అంటించండి. పైన, మూలకి. కవరు వద్దు."

తెలివితక్కువ పని చేయడానికి ఒకరు చాలు. ఇక్కడ ఇద్దరు కలిశారు.

కార్డు చేరిన రోజు అతని ఫోన్ మోగింది.

"ముఖం లేదు."

"ఏంటీ?"

"అమ్మ ముఖం మీద నల్లగా ముద్ర! కళ్లూ నోరూ ఏమీ కనబడట్లేదు. మూలకి అన్నాను కదా!"

"మూలకే అంటించానండీ!"

"పోస్టాఫీసులో ముద్ర గుద్దినవాడికి మూల తెలీదు!"

ఫోన్ పెట్టేసింది. అతను ఆమె ఇంటికి పరుగెత్తాడు. తిట్లకు సిద్ధపడే వెళ్లాడు.

గోడ దగ్గర ఆమె తండ్రి నిలబడి ఉన్నాడు. చేతిలో గీకుడు రేకు, పక్కన నీళ్ల బకెట్, నిచ్చెన. కవరు లేని కార్డు కదా, ముందు ఆయన చేతికే వచ్చింది.

"పంపింది నువ్వేనా?"

"నేనేనండీ. తప్పయింది."

"తప్పే. బుద్ధున్నవాడు చేసే పనేనా?"

అతను తల దించుకున్నాడు. ముసలాయన తెల్లటి గోడ వైపు తిరిగాడు.

"నీది బొటనవేలంత ముద్ర. నాది గోడంతా."

రేకు అతని చేతిలో పెట్టాడు.

"పైకి నాకు అందదు. ఎక్కు. కళ్ల దగ్గర మెల్లగా."

అమ్మాయి వచ్చి నిచ్చెన పట్టుకుంది. అతని వైపు చూడలేదు. తడిపిన సున్నం పెచ్చులుగా ఊడింది. కింద రంగు తగిలింది. ఒక కన్ను బయటపడింది.

ఆమె కెవ్వుమంది. అతను నోరు తెరిచాడు.

"మూసుకోండి. సున్నం పడుతుంది."

కాసేపటికి కింది నుంచే అడిగింది, మెల్లగా. "అడ్రసు అడిగింది కార్డు కోసమేనా?"

"కాదు."

నిచ్చెన ఊగింది.

"ఏయ్, సరిగ్గా పట్టుకో," అన్నాడు తండ్రి. తర్వాత పైకి చూశాడు. "నువ్వు ముందు ఆ నవ్వు బయటికి తియ్యి. నీ సంగతి ఆవిడ ఎదుటే మాట్లాడదాం."