మైనంలా దాచిన చుక్కలు

పొద్దున్నే పులియబెట్టిన సోయా టెంపే ముక్కలు వేయిద్దామని రెట్నో ఫ్రీజర్ తీసింది. చేపల పొట్లం వెనక అమ్మ కంటిమందు సీసాలున్నాయి. అమ్మ కళ్ళు ఎండిపోయాయి, ఏడ్చినా నీళ్ళు రావు. రెండు నెలల కిందట సెమరాంగ్ ఆసుపత్రిలో అమ్మ రక్తమే తీసి, ఎరుపంతా వేరుచేసి, పైకి తేలిన లేత పసుపు నీటితో చేసిచ్చిన చుక్కలవి. వారానికొకటి విప్పాలి, మిగిలింది పారేయాలి. పన్నెండింటిలో ఈపాటికి నాలుగే ఉండాలి. తొమ్మిదున్నాయి. పక్కనే మూతకి దారం చుట్టిన ఇంకో సీసా, సగం నిండి ఉంది.

పెరట్లో అమ్మ వర్సిని మైనం పెనం ముందు కూర్చుని, ఎర్రబడ్డ కళ్ళు చిట్లించుకుని బట్టమీద గీతలు గీస్తోంది. వాళ్ళ ఊరు లాసెమ్‌లో బాతిక్‌కి, అంటే మైనంతో గీసి రంగులద్దే బట్టకి, ఆమె గీత పెట్టింది పేరు. ఏడో నెల వేడుకలో గర్భిణికి ఒకదాని తర్వాత ఒకటి ఏడు బట్టలు చుట్టి చూస్తారు. కడుపుతో ఉన్న రెట్నోకి ఏడోది తను గీసిందే కావాలని ఆమె పంతం. పది రోజులే ఉన్నాయి, బట్ట సగం కూడా కాలేదు.

"అమ్మా, ఈ దారం చుట్టిన సీసా ఏంటి?" సీసా పట్టుకొచ్చి అడిగింది రెట్నో.

"మిగిలిన చుక్కలు. అన్నీ ఒకదాంట్లో పోసి పెట్టా. వాడిన మైనం పారేస్తామా? ఉడకబెట్టి, తేలింది తీసి మళ్ళీ వాడతాం. ఇదీ అంతే."

"కంట్లో వేసుకునేదమ్మా ఇది. పుండు పడితే?"

"నా రక్తం నాకే చెడు చేస్తుందా? చెప్పొచ్చావు."

రెట్నో భర్త గునాది నవ్వు ఆపుకున్నాడు. "మనింటి అన్నమే కదా అని నాలుగు రోజులుంచి తింటామా అత్తయ్యా?"

"పెళ్ళాం పాటకి తాళమెయ్యడమే నీ పని."

రెట్నోకి ఒళ్ళు మండింది. "నాలుగు గంటలు బస్సులో వాంతులు చేసుకుంటూ నిన్ను తీసుకెళ్ళింది ఇలా దాచుకోడానికా? ఆ కళ్ళతో ఇక గీసినట్టే. పోనీలే, ఏడో బట్ట అంగట్లో కొనుక్కుంటా."

వర్సిని చేతిలోని చాంటింగ్, ఆ మైనం కలం, పక్కన పెట్టేసింది.

"ఆ వాంతులు చూశాకే దాచానే. ఇవి అయిపోతే మళ్ళీ నువ్వే బయల్దేరతావు. ఈ కడుపుతో, ఆ గతుకుల్లో. నా కళ్ళదేముంది, మండితే మండాయి."

రెట్నో కోపమంతా నీరుకారిపోయింది. నడుం పట్టుకుని మెల్లగా తల్లి పక్కన చతికిలబడింది. "ఒక్క మాట చెప్పొచ్చుగా అమ్మా."

"చెప్తే ఆగుతావా? నా కూతురివి."

"ఈసారి నేను తీసుకెళ్తాను," అన్నాడు గునాది.

"నువ్వా? బస్సెక్కగానే గురక మొదలెడతావు."

"గురకపెట్టినా దిగేచోటికి లేస్తా అత్తయ్యా."

ముగ్గురూ నవ్వేశారు. రెట్నో దారం సీసాను కాలవలో ఒంపుతుంటే, వర్సిని బంగారం పోయినట్టు మొహం తిప్పుకుంది. కొత్త సీసా కరిగాక తలెత్తి బుద్ధిగా కళ్ళు తెరిచింది. ఆ పది రోజులూ రెండు గంటలకోసారి చుక్కలు పడ్డాయి. మంట తగ్గేకొద్దీ గీత నిలబడింది.

వేడుకనాడు ఒక్కో బట్టా చుడుతుంటే, ఆనవాయితీ ప్రకారం ఆడవాళ్ళంతా ఆరుసార్లు "నప్పలేదు, నప్పలేదు" అన్నారు. ఏడోది చుట్టారు. వాళ్ళు నోరు తెరిచేలోపే వర్సిని అనేసింది, "నప్పింది."

తల్లి చెంపమీద తడి చూసి రెట్నో చెవిలో అడిగింది. "మందు వేసుకున్నావా అమ్మా?"

"ఇవాళ ఇంకా లేదే," అంది వర్సిని, వేలితో చెంప తడుముకుని ఆశ్చర్యపోతూ.