ఆపామనుకున్న కంప్యూటర్

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి, పరాయి దేశంలో, సెలూన్ కుర్చీలో కూర్చుని సగం గడ్డం గీయించుకున్న మనిషిని ఎవరో కాల్చి చంపారు. పదిన్నరకల్లా ఏజెంట్ నైన్ పెద్దాయన ముందు నిలబడి ఉన్నాడు. పెద్దాయన అంటే గూఢచారి శాఖకి చీఫ్. ఆయన గది తలుపు మీద ‘పాత సామాను’ అని రాసి ఉంటుంది.

“పోయింది మనవాడు,” అన్నాడు పెద్దాయన. “వాడి కొత్త చిరునామా నిన్న నాలుగింటికి రికార్డు ఆఫీసులో టైపయింది. అక్కడ మన మనిషి ఎవరున్నారు?”

“నేనే సార్.”

“ఎందుకున్నావు?”

“చిరునామాలు బయటికి పోకుండా చూడ్డానికి సార్.”

పెద్దాయన ఫైలు మూసి తలుపు వైపు చూపించాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది నైన్‌కి.

ఆ ఆఫీసులో మూడు వారాలుగా అతని వేషం కంప్యూటర్ మాస్టారు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, చెయ్యి ఊపితే ఊడిపోయేంత వదులు చొక్కా, కెమెరా దాచిన పెన్ను. టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు తెచ్చారు. మౌస్‌ని ముట్టుకుంటే కరుస్తుందేమోనని చూసే జనానికి భయం పోగొట్టాలి. అందుకని సరదా పాఠంతో మొదలుపెట్టాడు: లాగిన్ తెర మీద మీకిష్టమైన బొమ్మ పెట్టుకోవడం, షట్‌డౌన్ తెర మీద మీకిష్టమైన మాట రాసుకోవడం. మనిషి ఏ బొమ్మ పెట్టుకుంటాడో చూస్తే మనసులో ఏముందో తెలిసిపోతుందని ట్రైనింగ్‌లో చెప్పారు మరి. తెలిసిందల్లా హెడ్ క్లర్కు మనసులో ఆవిడ పిల్లి ఉందని.

బొమ్మల ఫ్లాపీ ఇచ్చింది డిజైనర్ మేడమ్. శత్రు ముఠాలో ఉంటూ మనకోసం పనిచేసే డబుల్ ఏజెంట్ ఆవిడ. కనీసం శాఖ నమ్మకం అది. ఒక మధ్యాహ్నం సెంటు ఘుమఘుమలాడుతూ వచ్చి, “ఈ ఫ్యాన్ తిరుగుతుందా?” అని కోడ్ వాక్యం చెప్పింది. “అలిగితే తిరగదు,” అని ఇతను జవాబిచ్చాడు. ఆవిడ నవ్వింది. బయటి ఫ్లాపీ ఏదైనా ముందు పరీక్ష చేయాలని రూలు. ఆ నవ్వుతో రూలు గాలికిపోయింది. నైన్ దాన్ని తన చేత్తోనే అన్ని మిషన్లలోకీ ఎక్కించాడు.

పాఠం అందరికంటే శ్రద్ధగా నేర్చుకున్నది టైపిస్టు అక్క. ముప్ఫై ఏళ్ళు టైపు మిషన్ మీద పనిచేసిన మనిషి. లాగిన్ తెర మీద ‘రండి, కూర్చోండి’ అని రాసుకుంది. ఈ ఆఫీసులో తనని ఎవరైనా కూర్చోమనడం ఇదే మొదలు తమ్ముడూ, అని మురిసిపోయింది. షట్‌డౌన్ తెర మీద ‘సెలవు’ అని పెట్టుకుంది.

ఫోన్ లైనూ, దానికి కలిపే మోడెమ్ డబ్బా ఉన్నది ఆవిడ మిషన్‌కి ఒక్కదానికే. రోజూ ఐదూ ఐదుకి ఆ లైను మీంచి ఒక కాల్ వెళ్తోందని ఆ మంగళవారమే టెలిఫోన్ ఎక్స్ఛేంజి రిపోర్టు వచ్చింది. నైన్ రెండో ఆలోచన లేకుండా ఆవిడ పేరు కాగితం మీద పెట్టాడు. పథకం కూడా తనే రాసిచ్చాడు: పరాయి దేశంలో మిగిలిన మన తొమ్మిదిమంది ఏజెంట్ల చిరునామాలూ ఆవిడ చేతే టైప్ చేయిద్దాం. దొంగ జాబితా ఇస్తే పసిగడుతుంది, అసలుదే ఇద్దాం. కాల్ కలవగానే నేను పట్టుకుంటాను. జారుకుంటే పట్టుకోడానికి గేటు దగ్గర జీపు పెట్టండి. పెద్దాయన సరేనన్నాడు.

బుధవారం నాలుగింటికి అక్క ఆ జాబితా టైప్ చేసింది. అన్నీ సరిగ్గానే నొక్కుతున్నానా అని అడిగింది. సరిగ్గానే ఉందన్నాడు నైన్, ఆవిడ మొహంలోకి చూడకుండా.

ఐదు కొట్టింది. అందరూ షట్‌డౌన్ కొట్టి లేచారు. నైన్ బీరువా వెనక్కి చేరాడు. ‘సెలవు’ తెర రాగానే అక్క గుడ్డ కప్పి, నాలుగు మూలలూ సర్ది, చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయింది. ఏ నంబరూ తిప్పలేదు, కనీసం వెనక్కి తిరిగి చూడలేదు. గదిలో ఎవరూ లేరు.

ఐదూ ఐదుకి గుడ్డ కింద మోడెమ్ కీచుమంది.

నైన్ పరుగున వెళ్ళి గుడ్డ లాగాడు. తెర మీద ‘సెలవు’ అలాగే ఉంది. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అప్పుడు వెలిగింది బుర్రలో. మామూలుగా చివర్న ఒక తెర వస్తుంది, ఇక స్విచ్చు ఆపుకోవచ్చని చెబుతుంది. ఆ నీరసం తెర తీసేసి మీ బొమ్మ పెట్టుకోండని నేర్పింది తను. బొమ్మ వచ్చాక కూడా స్విచ్చు నొక్కాలని మూడు వారాల్లో ఒక్కసారి చెప్పలేదు. టైపు మిషన్‌కి స్విచ్చు ఉండదు. గుడ్డ కప్పితే పని అయిపోయినట్టే. మేడమ్ ఫ్లాపీ చేసేది బొమ్మ చూపించడమే. మిషన్ ఆగదు, ఆ రోజు టైపయిన ప్రతి ముక్కా ఫోన్‌లో పంపేస్తుంది. ఆరింటికి వాచ్‌మన్ మెయిన్ ఆపేస్తాడు. తెల్లారితే ఏ జాడా ఉండదు. నైన్‌కి తల కొట్టేసినట్టయింది.

“కళ్ళద్దాలు నప్పాయి మాస్టారూ.”

గుమ్మంలో మేడమ్. ఫోన్ కలిసిందో లేదో చూసుకోడానికి వచ్చినట్టుంది. పౌడరు డబ్బాలోంచి తీసిన బుల్లి పిస్టల్ చేతిలో ఉంది. ఒక్క పేజీయే కదా, నిమిషం పట్టదు, చేతులెత్తి నిలబడమంది. నిలబడ్డాడు. మోడెమ్ దీపాలు టకటకా వెలిగి ఆరుతున్నాయి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు సగం దాటింది. మిషన్ డబ్బా బల్ల కింద ఉంది, స్విచ్చు సరిగ్గా మోకాలి ఎత్తున.

“పాఠంలో ఒక మాట మర్చిపోయాను మేడమ్.”

“ఏంటది?”

“చివర్న ఇది నొక్కాలి.”

మోకాలితో నొక్కాడు. ఫ్యాను ఆగింది, దీపాలు ఆరాయి. ఆవిడ చూపు చటుక్కున తెర మీదికి పోయింది. ఆ క్షణంలో ఇతని చేతిలోని గుడ్డ ఆవిడ నెత్తిన పడింది, పిస్టల్ ఇతని చేతికొచ్చింది. పేజీలో శీర్షిక మాత్రమే దాటిందనీ, మొదటి పేరు దగ్గర ఆగిపోయిందనీ తర్వాత తేలింది.

మేడమ్‌ని ఫోను వైరుతో కుర్చీకి కట్టేసి మెట్లు దూకుతూ కిందికొచ్చాడు. గేటు దగ్గర జీపు కదలబోతోంది. వెనక సీట్లో ఇద్దరు మఫ్టీ వాళ్ళ మధ్య అక్క. చేతిసంచీని రెండు చేతులా పట్టుకుంది. నైన్ తలుపు తెరిచాడు.

“నేనేం నొక్కాను తమ్ముడూ?” అంది.

నైన్ సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“నువ్వేం నొక్కలేదక్కా,” అన్నాడు. “నొక్కమని నేను చెప్పలేదు. నీ పేరు వీళ్ళకి రాసిచ్చిందీ నేనే.”

అక్క తిట్టలేదు, ఏడవలేదు. జీపు దిగి, కొంగు సర్దుకుని, రేపు క్లాసు పదింటికేనా అని మాత్రం అడిగింది. అతను తలూపాడు.

రిపోర్టులో మొదటి వాక్యం ‘తప్పు నాది’ అని రాశాడు. ఇలాంటివి ఫైల్లో ఉండకూడదని పెద్దాయన కొట్టేశాడు. నైన్ మళ్ళీ రాశాడు. తొమ్మిది ప్రాణాలు దక్కాయని శాఖ సంబరపడింది. దక్కని పదో ప్రాణం గురించి ఎవరూ మాట్లాడలేదు; ఆ మనిషి భార్యకి ఉత్తరం రాయాలని కూర్చుని నాలుగు కాగితాలు చింపేశాడు నైన్. ఏం రాయడానికీ మొహం చెల్లలేదు.

శాఖ కేసు మూసేసింది గానీ, క్లాసు రద్దు చేయమని ఆర్డరెవరూ వేయలేదు. గురువారం పాఠం ప్రింటర్. మాస్టారు ఆఫీసుకి గంట ముందే వచ్చి, అన్ని బటన్లూ తనే ఒకసారి నొక్కి చూసుకున్నాడు.