బటన్ నొక్కిన మెకానిక్

చెవుల పరీక్షలో మెకానిక్‌కి నూటికి నూరు వచ్చాయి. గొడవ అక్కడే మొదలైంది.

ఏళ్ల తరబడి మరమగ్గాల హోరులో పనిచేసిన మనిషికి పసిపిల్లాడి చెవులు ఎలా ఉంటాయని, మిల్లు క్లినిక్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి అనుమానం వచ్చింది. కార్మికుల వినికిడి పరీక్షించడం ఆమె పని. అందరూ చెవుల మేడం అనేవారు. ఆ పిలుపు ఆమెకు నచ్చలేదు, అయినా పలికేది.

పరీక్ష సులువే. మనిషి గాజు గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు. ఆమె బయటి నుంచి సన్నని శబ్దాలు పంపుతుంది. వినిపించినప్పుడల్లా అతను బటన్ నొక్కాలి. మన మెకానిక్ శబ్దాల జోలికి పోలేదు. అద్దంలోంచి ఆమె వేలు చూస్తూ, అది కదిలినప్పుడల్లా నొక్కాడు. మధ్యమధ్యలో ముఖం కూడా చూశాడు.

అతని భయం అతనిది. చెవులు దెబ్బతిన్నాయని రాస్తే మగ్గాల షెడ్డు నుంచి తీసేసి స్టోర్ రూమ్‌లో పడేస్తారు. మగ్గం చప్పుడు మారగానే లోపం ఎక్కడుందో ఇట్టే పట్టేస్తాడని అతనికి పేరు. ఆ పేరు కోసమే చెవులకు చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకోడు. ఇంట్లో అతను టీవీ పెడితే మాత్రం ఎదురింటివాళ్లు తమది కట్టేసి అదే వినేవారు.

మర్నాడు ఆమె తన చేతికి అట్ట అడ్డం పెట్టుకుని మళ్లీ పరీక్షించింది.

“ఎడమ చెవి బాగా దెబ్బతింది. కుడిది ఇంకా కాపాడుకోవచ్చు. నిన్న నన్ను మోసం చేశారు.”

“నిన్న బాగానే ఉన్నాయండీ. ఇవాళే జలుబు.”

జలుబు తగ్గిందంటూ అతను మళ్లీ మళ్లీ వచ్చాడు. ఫలితం మారలేదు. చొక్కా మాత్రం మారేది. ఆమె కూడా ఏదో వంకతో రిపోర్టు పంపకుండా నాన్చింది.

ఒక వానరోజు అతను గాజు గదిలో ఉండగా ఆమెకు అక్క ఫోన్ చేసింది. తలుపు వేసి ఉంది, లోపలికి చీమ చప్పుడు కూడా వెళ్లదు. అందుకే ఆమె మనసు విప్పి మాట్లాడింది.

“రిపోర్టు పంపితే ఇక ఇటు రాడక్కా. పంపకపోతే ఆ కుడి చెవీ పోతుంది. రేపు పెళ్లయ్యాక పక్క గదిలోంచి పిలిస్తే పలకకపోతే నేనేం చేయను?”

మగ్గాల షెడ్డులో మాట వినపడదు. అక్కడివాళ్లంతా పెదవుల కదలిక చూసే మాట్లాడుకుంటారు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆమె యంత్రం మీద లైటు వెలిగింది. ఏ శబ్దమూ పంపకుండానే అతను బటన్ నొక్కిపట్టి కూర్చున్నాడు.

బయటికి వచ్చి, రిపోర్టు పంపేయమన్నాడు.

“స్టోర్ రూమ్‌కి వెళ్తారా?”

“వెళ్తాను. పక్క గదిలోంచి పిలిస్తే పలకాలి కదండీ.”

ఆమెకు అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక సిగ్గుతో గోడవైపు తిరిగి, మెల్లగా ఏదో అంది. పెదవులు కనబడలేదు.

“ఏమన్నానో చెప్పండి.”

పాత మెకానిక్ అయితే ఏదో ఒకటి కల్పించి చెప్పేవాడే.

“వినపడలేదండీ,” అన్నాడు.

ఆమెకు కళ్లు చెమర్చాయి. తన చెవుల గురించి అతను చెప్పిన మొదటి నిజం అది. అతని కుడివైపుకి వచ్చి, అదే మాట మళ్లీ చెప్పింది. ఈసారి వినపడింది.

టీవీ సౌండ్ తగ్గేమాటైతే ఈ పెళ్లికి తనకు ఏ అభ్యంతరమూ లేదంది అతని తల్లి.

ఇప్పుడతను స్టోర్ రూమ్‌లో ఉన్నాడు. మెడలో మఫ్‌లు లేకుండా వచ్చినవాళ్లకు ఒక్క బోల్టు కూడా ఇవ్వడు. సాయంత్రం ఇద్దరూ కలిసి నడిచి ఇంటికి వెళ్తారు. ఆమె ఎప్పుడూ అతని కుడివైపే ఉంటుంది. మాటా మాటా పెరిగినప్పుడు మాత్రం అతను మెల్లగా జరిగి ఆమెను ఎడమవైపుకి తెస్తాడు. ఆమె వెనక నుంచి చుట్టూ తిరిగి, మళ్లీ కుడివైపుకి వచ్చి మొదలుపెడుతుంది.