కర్త లేని మాట

“మనసులో ‘నీళ్ళు’ అనుకోండమ్మా. పెదవి కదపకండి.”

ఫీబమ్మ కళ్ళు మూసుకుని నీళ్ళు అనుకుంది. గోడమీది తెరపై ‘నీళ్ళు’ అని పడింది. ఆ వెనకే ‘చల్లటివైతే బాగుండు’ అని కూడా పడింది. డాక్టర్ వైజయంతి నవ్వేసి, ఫ్రిజ్‌లోంచి బాటిల్ తెచ్చి ఆవిడ చేతికిచ్చింది.

మూడు వారాలుగా ఇదే వరస. ఆ యంత్రానికి డాక్టరమ్మ పెట్టిన పేరు మౌనలేఖిని. చూడ్డానికి తలకు కట్టుకునే వెడల్పాటి పట్టీ, లోపలివైపు గోరంతేసి సెన్సర్లు నూట ఇరవై. మనం పలికే మాట నోటికి రాకముందే మెదడులో ఒకచోట తయారవుతుంది, వంటింట్లో వండిన కూర తర్వాత హాల్లోకి వచ్చినట్టు. మౌనలేఖిని వంటింటి గుమ్మంలోనే నిలబడి గిన్నెలో ఏముందో చెప్పేస్తుంది. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళ కోసం తయారు చేశారు దాన్ని. ఒక్కొక్కరి మెదడు ఒక్కో తీరు కాబట్టి, ఎవరికి కడితే వాళ్ళ అలవాట్లు ముందుగా నేర్చుకోవాలి.

ఫీబమ్మకు పక్షవాతం లేదు. ఉన్నదల్లా అన్యభాషల వరం. నిడదవోలు కాలవగట్టు మందిరంలో ముప్ఫయ్యొక్కేళ్ళుగా ప్రతి శనివారం ఉపవాస ప్రార్థనలో ఆవిడ లేచి నిలబడితే, ఏ దేశానికీ చెందని భాష ఒకటి ఆవిడ నోట ధారగా వస్తుంది. పరిశుద్ధాత్మే పలికిస్తాడని విశ్వాసుల నమ్మకం. పాస్టరుగా ఉన్న భర్త పోయాక మందిరం మరిది తీతు చేతికొచ్చింది. ప్రసంగం తీతుదే గానీ, జనం వచ్చేది ఈవిడ కోసం. ఊళ్ళోకి డ్రైవర్లు లేని బస్సులొచ్చాయి, కాలవ పొడుగునా సోలార్ పలకలు పరిచారు, పాస్టర్లకు ప్రసంగాలు రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది. ఫీబమ్మ శనివారం మాత్రం మారలేదు.

ఆవిడకిప్పుడు అరవై మూడేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి, అయినా అసలు బాధ మోకాళ్ళది కాదు. మొదటిసారి ఆ భాష వచ్చిననాడు ప్రపంచమే గుర్తులేదు. ఇప్పుడు నోటిదారిన నోరు పోతూ ఉంటుంది, మనసేమో గ్యాస్ కట్టేశానా లేదా అని ఇంటిచుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఇది ఆత్మా, అలవాటా? ఈ ప్రశ్న పట్టుకుని ఎవరి దగ్గరికెళ్ళాలో ఆవిడకు తెలియలేదు. ఓసారి మానేస్తానంటే తీతు బెంబేలెత్తిపోయాడు. “దేవుడిచ్చిన వరం వదినా! మనమెవరం ఆపడానికి?” అన్నాడు.

అందుకే డాక్టరమ్మ వచ్చి, అన్యభాషలో మాట్లాడేటప్పుడు మెదడులో ఏం జరుగుతుందో చూడాలని ఉందంటే, ఫీబమ్మ వెంటనే సరేనంది. దేవుడి మాటేదీ పడక తెర ఖాళీగా ఉండిపోతే వరం పోయిందని అందరి ముందూ తేలిపోతుంది. ఇక ఈ నిలబడటం తప్పుతుంది. తీతు ఆశ వేరు. దేవుడి సందేశం తెలుగులో అచ్చుపడుతుందని ఆయన నమ్మకం. మందిరంలో పాటలు చూపించే పెద్ద తెరకే యంత్రాన్ని కలపమన్నాడు.

“వద్దండీ పాస్టరుగారూ. ఆవిడ సొంత ఆలోచనలు బయటపడొచ్చు,” అంది వైజయంతి.

“ఆత్మలో ఉన్నప్పుడు సొంతమేముంటుందమ్మా?”

“పడనివ్వండి డాక్టరమ్మా. ఏదో ఒకటి తెలిసిపోతుందిగా,” అంది ఫీబమ్మ.

శనివారం పదింటికి మందిరం నిండిపోయింది. ఫీబమ్మ తలకు పట్టీ కట్టుకుని లేచింది. కాసేపటికి ధార మొదలైంది. అయిదు నిమిషాలపాటు తెర ఖాళీగానే ఉంది. ఓరకంట చూసి మళ్ళీ కళ్ళు మూసుకున్న ఆవిడ గుండె తేలికపడుతోంది. అంతలో కుడి మోకాలు కలుక్కుమంది.

‘అలసిపోయాను.’

గోడంత తెరమీద ఆ ఒక్క మాట. ఆ తర్వాత ‘ఇక చాలు.’ దాని కింద ‘కాసేపు వదిలేయండి.’

జనం ప్రార్థన ఆపి తెరకేసి చూశారు. ఫీబమ్మ కళ్ళు తెరిచి చూసింది. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఆ వెనకే, పోనీలే, బయటపడింది కదా అని హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి అరనిమిషం నిలవలేదు. ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో గొల్లుమన్నారు.

“ప్రభువా! మమ్మల్ని మోసి మోసి అలసిపోయావా తండ్రీ!”

నాలుగు వందల మందీ మోకాళ్ళమీద పడ్డారు. ఫీబమ్మ మైకు లాక్కుంది.

“కాదర్రా, అది నేను! అలసిపోయింది నేను!”

“చూశారా అమ్మగారి తగ్గింపు మనసు!” అన్నాడు తీతు జనంవైపు తిరిగి. “మహిమ దేవుడికిచ్చి, అలసట తనమీద వేసుకుంటున్నారు!”

వైజయంతి ఇక ఆగలేక లేచింది. “దయచేసి వినండి. అలసిపోయాను అన్నది ఎవరు? ఆడా, మగా? ఆ మాటలో ఏ గుర్తూ లేదు. తెలుగులో ఆ ఒక్క మాటే వాక్యమైపోతుంది. ఇక్కడ కర్త లేడు!”

సంఘపెద్ద ఏబేలు గారికి ఒళ్ళు మండిపోయింది. “కర్త లేడంటావేంటమ్మా? ఆ కర్తే లేకపోతే నువ్వెక్కడుండేదానివి?”

“నేనంటున్నది వ్యాకరణంలో కర్తండీ!” అని డాక్టరమ్మ మొత్తుకుంది. నాలుగు వందల గొంతుల హల్లెలూయాలో వ్యాకరణం ఎవరికి వినపడుతుంది?

సందడి తగ్గాక తీతు మర్యాదగానే అడిగాడు. “ఆ మాట మా వదినదేనని మీ మిషను ఖాయంగా చెప్పగలదా?”

వైజయంతి అబద్ధమాడే మనిషి కాదు. “ఆవిడ మెదడులోంచి వచ్చిందని చెప్పగలదు. అక్కడికెలా వచ్చిందో చెప్పలేదు.”

“మేమూ అదే అంటున్నామమ్మా,” అన్నాడు తీతు.

దేవుడు అలసిపోయాడని తెలిశాక విశ్వాసులు చేతులు ముడుచుకు కూర్చుంటారా? ఆయన్ని ఓదార్చడానికి నలభై రోజుల ఉపవాస ప్రార్థన ప్రకటించారు. రోజూ పొద్దున్నే. నడిపించేది ఫీబమ్మ.

మర్నాడు బయట షామియానా వేసినా జనం పట్టలేదు. ఫీబమ్మ పట్టీ కట్టుకుని లేచింది. ఆవిడకు తీతుమీద కోపం, జనం మీద కోపం, తనమీద ఇంకా కోపం. ఏమీ అనుకోకూడదని పంతం పట్టింది. నోటిదారిన నోటిని వదిలేసింది. కానీ మనసు ఊరుకునే వస్తువా? ఒకవేళ వీళ్ళన్నదే నిజమైతే అని దానికి తోచింది. ఇన్నేళ్ళలో ఈ ఊహే రాలేదు ఆవిడకి. ఒక్క ఈ మందిరంలోనే ఎన్ని మొరలు! వీసా రావాలి, నడుంనొప్పి పోవాలి, పొలం కేసు గెలవాలి, కోడలు మారాలి. అన్నీ వింటూ ఉండాలి. లేచి వెళ్ళిపోవడానికి ఆయనకు తలుపేది? ఫీబమ్మకు దేవుడిమీద జాలేసింది. ఆయన విషయంలో భయభక్తులు ఎరుగును గానీ జాలి ఎరగదు. ఆ జాలిలో, ఎదురుగా కూర్చున్న మనిషిని పలకరించినట్టు, ఒకమాట అడిగింది. చాలా ఏళ్ళకు అది ప్రార్థన అనిపించింది.

హాల్లో ఏదో మారినట్టనిపించి కళ్ళు తెరిచింది. తెరమీద ఉంది ఆ మాట.

‘నువ్వు కూడా అలసిపోయావా?’

ఎవరూ హల్లెలూయా అనలేదు. ముందు వరసలో, రొయ్యల షెడ్డులో ఇరవయ్యేళ్ళుగా నిలబడి పనిచేసే సువార్తమ్మ తెరకేసి చూస్తూ, “అవును ప్రభువా,” అంది. “చాలా అలసిపోయాను.” ఆ వెనక బ్యాంకు మేనేజరు అవునన్నాడు. ఒక టీచరమ్మ అంది. ఏబేలు గారు కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ మందిరంలో అందరూ విజయాలే సాక్ష్యం చెప్పేవారు, జబ్బు తగ్గిందనీ ఉద్యోగం వచ్చిందనీ. ఈ ప్రశ్న వాళ్ళనెవరూ ఎప్పుడూ అడగలేదు. బయట షామియానా కింద ఉన్నవాళ్ళు కూడా అవును, అవును అంటున్నారు.

ఫీబమ్మ పట్టీ విప్పబోయింది. తీతు మైకుకు చెయ్యి అడ్డంపెట్టి ఆవిడ చెవి దగ్గరకు వంగాడు.

“వదినా, రేపు కూడా అదే అడగండి.”

“నేనడిగింది వాళ్ళని కాదు తీతూ.”

“తెలుసు,” అన్నాడు. ఆయన కళ్ళూ ఎర్రబడి ఉన్నాయి. “అయినా అడగండి.”