ఆట వదిలాక వినిపించే ఏడుపు

పిల్లలూ, మీ చినతాత హాలు కథ మీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తారేమోనని. ముందే చెప్పేస్తున్నాను, మీ చినతాతకి ఏమీ కాదు. ఇక వినండి.

చినతాత పెళ్లైన కొత్తలో ఒక సినిమా హాల్లో రాత్రి వాచ్‌మన్‌గా చేరాడు. కొన్నాళ్లుగా ఆ హాలుకి పేరు చెడింది. రెండో ఆట వదిలి, జనం వెళ్లిపోయి, తాళాలు పడ్డాక… లోపల ఎవరో ఏడుస్తారు. ఒకరు కాదు — గుంపుగా. అంతకు ముందున్న వాచ్‌మన్ చెప్పులు వదిలేసి మరీ పారిపోయాడు. ఆ చెప్పులు చినతాతకి సరిపోయాయి. ఆ ఉద్యోగంలో ఆయనకి కలిసొచ్చింది అదొక్కటే.

ఆయన ధైర్యం గురించి చెప్పాలంటే, చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లడానికి కూడా పెళ్లాం తోడు రావాలి.

“రాత్రికి ఆ సంగతేంటో తేల్చు,” అన్నాడు ఓనరు. “పొద్దున్న ఉన్నదున్నట్టు చెప్పాలి. పారిపోయావంటే మళ్లీ ఇటు రానక్కర్లేదు.”

చినతాత ఇంటికొచ్చి గొణిగాడు. “అది దెయ్యమేనే.”

మీ చిన్న నానమ్మకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. కుడుతున్న గుడ్డ మీంచి తల కూడా ఎత్తలేదు. “అయితే ఏం? మా అమ్మతో ఒకే ఇంట్లో ఉంటున్నారు. దెయ్యంతో ఒక్క రాత్రి ఉండలేరా? ఇంట్లోకి ఇంకో మనిషి వస్తున్నప్పుడు ఈ ఉద్యోగం కూడా పోతే, నేనే దెయ్యాన్నవుతాను.”

ఆ రాత్రి ఆట వదిలింది. చినతాత తలుపులకి తాళం వేసి, స్టూలు మీద కూర్చున్నాడు. చడీచప్పుడూ లేదు…

ఒక వెక్కు.

ఆ వెంటనే ఇంకొకటి… తర్వాత అన్నీ కలిసి, అణిచిపెట్టినట్టు, సన్నగా.

ఆయన కాళ్లు ఇంటివైపు తిరిగాయి. ఇంట్లో ఎవరున్నారో గుర్తొచ్చి మళ్లీ ఇటు తిరిగాయి. చీకట్లో తాళంచెవి తాళంలో దూరలేదు. గోడ పట్టుకుని పక్క సందులోకి నడిచాడు. తెర పక్కన చిన్న తలుపొకటి ఉంటుంది. నెట్టి రెండడుగులు లోపలికి వేశాడు.

లోపల వెలుగు — వచ్చి పోతూ, వచ్చి పోతూ. ఎదురుగా కుర్చీల్లో మనుషులు. అందరూ తనవైపే తిరిగి ఉన్నారు. ముఖాలు లేవు… ముఖాలుండాల్సిన చోట తెల్లటి గుడ్డలు.

తల మీద నుంచి, ఎక్కడో పైనుంచి, ఒక ఆడగొంతు. “తలుపు తియ్యండి… ఆయన వచ్చినట్టున్నారు…”

“తీశానమ్మా,” అన్నాడు చినతాత, ఏడుపు గొంతుతో.

ముందు వరసలో ఒక దెయ్యం గుడ్డ దించి ముక్కు చీదుకుంది. “తప్పుకోవయ్యా,” అంది గుసగుసగా. “ఆవిడ ప్రాణం పోతుంటే అడ్డంగా నిలబడతావేం?”

చినతాత మెల్లగా వెనక్కి తిరిగాడు. వెనక… తెర. తెర మీద సినిమా.

సంగతేంటంటే, అది ఒక నవలని తీసిన సినిమా. పడవవాడి పెళ్లాం కథ. మొగుడు ఏట్లో పోతాడు, బిడ్డ జ్వరంతో పోతుంది, ఆఖరికి ఆవిడా పోతుంది. మిగిలేది మేకొక్కటే. ఓనరుకి ఏడుపంటే పడదు. ఆఖరి రీలు తీయించేసి, ఆవిడ కాస్త కోలుకుని కిటికీ తెరిచే దగ్గరే సినిమా అయిపోయిందనిపించాడు. నవల చదివినవాళ్లు ఊరుకుంటారా? సినిమా వేసే ఆపరేటరు గది మెట్లెక్కి నిలదీశారు: ఆవిడ ఎలా బతికింది? ఆపరేటరు మెత్తని మనిషి. రెండో ఆట అయ్యాక వాళ్లని వెనక మెట్ల మీంచి లోపలికి రానిచ్చి, సౌండు తగ్గించి ఆ ఒక్క రీలూ వేస్తున్నాడు. బయటికి వినపడేది ఏడుపే.

“మావాడికి చెప్పకు నాయనా,” అంది ముందు వరస పెద్దావిడ. ఓనరు తల్లి. “వాళ్ల నాన్న పోయిన రోజు కూడా, నలుగురిలో ఏడవకమ్మా అన్నాడు. ఇక్కడైతే ఎవరి కోసం ఏడుస్తున్నావని ఎవరూ అడగరు.”

చెబితే ఆపరేటరు ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తనది.

పొద్దున్న ఓనరు అడిగాడు. “ఉందా?”

“ఉందండి.”

“మరి పారిపోలేదేం?”

“ఏడుస్తోందండి. ఎవరో పోయినట్టున్నారు పాపం. అలా ఏడుస్తుంటే వదిలేసి ఎలా వస్తాను? పక్కనే కూర్చున్నాను.”

ఓనరు లేచి దగ్గరికొచ్చాడు. “ఆడా, మగా?”

“పెద్దావిడండి.”

ఆ రాత్రి ఓనరే వచ్చాడు. తలుపుకి చెవి ఆనించాడు. లోపల సన్నగా తను తీయించేసిన రీలు మాటలు, ఆ వెక్కిళ్లు… వాటిలో తెలిసిన గొంతొకటి… తలుపు నెట్టబోయి చెయ్యి దించేశాడు. చినతాత స్టూలు మీద, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

“రేపట్నుంచి అన్ని ఆటలకీ ఆఖరి రీలు వెయ్యమని చెప్పు,” అన్నాడు ఓనరు. “నువ్వు కూడా పనికి రా, ఎప్పట్లాగే.” మళ్లీ ఆగి, “కారులో శాలువా ఉంది. ఆవిడకి ఇచ్చిరా. లోపల చలి.”

చినతాత చీకట్లో వంగి శాలువా కప్పాడు. “ఎవరిచ్చారు?” అంది పెద్దావిడ.

“బయట ఇంకొకరు ఏడుస్తున్నారండి.”

ఇంతే కథ. మీ స్నేహితులకి చెప్పండి, రేపు మీ పిల్లలకీ చెప్పండి. దెయ్యం దగ్గర నవ్వించి ఊరుకోకండి. శాలువా దాకా చెప్పండి.